ఆపదలో అక్కరకు రావలసిన తెడ్లు: బిగుసుకున్న కీళ్లను విడదీసే విధానం

నగరి: కుశస్థలి నది ఏడాదిలో అధిక భాగం ఇసుక మేటలతోను, అక్కడక్కడ మిగిలిన నీటి మడుగులతోను కనిపిస్తుంది. అదే నది ఈశాన్య రుతుపవనాల కాలంలో, బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిన రెండు మూడు రోజులకే కాజ్‌వేలను ముంచెత్తి రాకపోకలను స్తంభింపజేస్తుంది. 2015 నవంబరులోను, 2021 నవంబరులోను దక్షిణాంధ్రను, పొరుగున ఉన్న ఉత్తర తమిళనాడును ముంచెత్తిన భారీ వర్షాలు ఈ ప్రాంత ప్రజలకు ఇప్పటికీ గుర్తే. పది నెలలు ఎండి, కొద్ది రోజులు మాత్రమే ఉగ్రరూపం దాల్చే ఇటువంటి నదుల తీరంలో రక్షణ సామగ్రికి ఒక ప్రత్యేకమైన సమస్య ఉంది. అది వాడకం వల్ల అరిగిపోవడం కాదు, వాడకం లేక బిగుసుకుపోవడం.

వరద సహాయక చర్యలలో పడవ, మోటారు, ప్రాణరక్షక కోట్లు, తాళ్లు అందరి దృష్టిని ఆకర్షిస్తాయి. తెడ్డు మాత్రం ఎవరికీ పట్టదు. మోటారు ఆగిపోయినపుడు, చెట్ల కొమ్మలు, ముళ్లకంపలు, కరెంటు తీగల మధ్య మోటారు నడపడానికి వీలులేనపుడు, ఇళ్ల మధ్య సందులలో మోకాలి లోతు నీటిలో పడవను నడిపించవలసి వచ్చినపుడు సిబ్బందికి మిగిలే ఏకైక ఆధారం తెడ్డే. అట్టి తెడ్డు కీలు తుప్పుపట్టి బిగుసుకుపోతే ఏమి చేయాలి, అసలు బిగుసుకోకుండా ఎట్లా కాపాడుకోవాలి అనే అంశాలపై అధికారులకు, పాత్రికేయులకు అవగాహన కల్పించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెడ్డుకు కీలు ఎందుకు?

మన నదులపై తరతరాలుగా వాడుకలో ఉన్న తెడ్డు ఏకఖండం. తుంగభద్ర, కృష్ణా నదులలో పుట్టి నడిపేవారి చేతిలో ఉండే తెడ్డుకు అతుకు ఉండదు. కొయ్య నానితే ఉబ్బుతుంది, ఎండితే తగ్గుతుంది, విరిగితే మరొకటి చెక్కుకుంటారు. గాలి నింపి వాడే రక్షణ పడవలు, ఫైబరు పడవలు, కయాక్ వంటి చిన్న పడవలు వచ్చిన తరువాత తెడ్డు స్వరూపం మారిపోయింది. జీపులోనో, అగ్నిమాపక శకటంలోనో పట్టే విధంగా దానిని రెండు లేదా మూడు ముక్కలుగా తయారు చేస్తున్నారు.

ఒక ముక్క చివర సన్నని గొట్టం ఉంటుంది. అది రెండవ ముక్కలోని పెద్ద గొట్టంలోకి దూరుతుంది. లోపలి గొట్టంపై స్ప్రింగు బలంతో పైకి పొడుచుకువచ్చే చిన్న బొత్తాం ఉంటుంది. అది బయటి గొట్టం రంధ్రంలో కూర్చున్నపుడు 'టక్'మని శబ్దం వస్తుంది. ఆ శబ్దమే కీలు సరిగా పడిందనడానికి గుర్తు. రోకలి చివర తొడిగే పొన్ను వలె, కొన్ని తెడ్లలో ఈ అతుకు వద్ద ప్రత్యేకంగా ఒక లోహపు పొన్ను అమర్చి ఉంటుంది. సాధారణంగా గొట్టాలు అల్యూమినియంతోను, బొత్తాం, స్ప్రింగు ఉక్కుతోను, తెడ్డు ఆకు ప్లాస్టిక్కుతోను తయారవుతాయి. ఖరీదైన రకాలలో గాజు పీచు లేదా కార్బన్ పీచు గొట్టాలు ఉంటాయి.

కీలులో రెండు గొట్టాల మధ్య ఉండే ఖాళీ అతి స్వల్పం. ఖాళీ ఎక్కువైతే తెడ్డు ఊగిసలాడుతుంది, తక్కువైతే దూరదు. ఈ స్వల్పమైన ఖాళీలోనే సమస్య అంతా దాగి ఉంది.

బిగుసుకుపోవడానికి కారణాలు

మొదటి కారణం ఇసుక, ఒండ్రు. వరద నీటిలో కొట్టుకువచ్చే సన్నని రేణువులు గొట్టాల మధ్యకు చేరి, ఎండిన తరువాత మేకుల వలె పనిచేస్తాయి. ఈ కారణంగా పట్టిన కీలును విడదీయడం కొంత సులభం.

రెండవ కారణం తుప్పు. ఇనుముకు పట్టే ఎర్రని తుప్పు అందరికీ తెలిసినదే. అల్యూమినియానికి తుప్పు పట్టదని ఒక అపోహ ఉంది. వాస్తవానికి గాలి తగిలిన వెంటనే అల్యూమినియంపై కంటికి కనిపించని పలుచని ఆక్సైడు పొర ఏర్పడి, లోపలి లోహాన్ని కాపాడుతుంది. నీరు మరీ ఆమ్లంగా గాని, మరీ క్షారంగా గాని లేనంత కాలం ఈ పొర నిలుస్తుంది. ఉప్పు తగిలినా, చాలా రోజులు గాలి ఆడని తడి నిలిచినా పొర అక్కడక్కడ చిట్లి గుంటలు పడతాయి. ఆ గుంటల నుంచి తెల్లని పిండి వంటి పదార్థం పుడుతుంది. అది తాను తిన్న లోహం కంటే ఎక్కువ స్థలం ఆక్రమిస్తుంది. ఇరుకు సందులో అది ఉబ్బడంతో రెండు గొట్టాలు ఒకదానినొకటి పట్టివేస్తాయి.

మూడవ కారణం రెండు వేర్వేరు లోహాల కలయిక. అల్యూమినియం, ఉక్కు ఒకదానినొకటి తాకుతూ, మధ్యలో తడి ఉన్నపుడు అక్కడ ఒక చిన్న బ్యాటరీ తయారైనట్లే అవుతుంది. ఆ బ్యాటరీలో కరిగిపోయేది అల్యూమినియం. అందువల్లనే ఉక్కు బొత్తాం చుట్టూ, ఉక్కు మర చుట్టూ తెల్లపిండి ముందుగా కనిపిస్తుంది. కార్బన్ పీచు గొట్టంలో అల్యూమినియం పొన్ను ఉన్నప్పటికీ ఇదే జరుగుతుంది.

పులికాట్ సరస్సు వంటి ఉప్పునీటి ప్రాంతంలో వాడిన పడవకు ఈ బెడద ఎక్కువ. అయితే సముద్రానికి దూరంగా ఉన్న నగరి వంటి పట్టణాలకు బెడద లేదని అనుకోరాదు. మరమగ్గాలకు పేరుగాంచిన ఈ ప్రాంతంలో నూలు అద్దకం కూడా ఒక వృత్తి. అద్దకంలో ఉప్పు, సోడా వాడుక సాధారణం. పట్టణాలలోని మురుగు కాలువలు పొంగి వరదలో కలిసినపుడు సబ్బులు, లవణాలు, క్షారాలు అన్నీ ఆ నీటిలో ఉంటాయి. పైకి మంచినీటి వరదగా కనిపించినా తెడ్డు కీలుకు తగిలేది మంచినీరు కాదు.

పైన చెప్పిన మూడు కారణాలకు బలం చేకూర్చేది నాలుగవది, అదే కాలం. వరద తగ్గిన తరువాత అలసిన సిబ్బంది తెడ్లను జోడించిన స్థితిలోనే గిడ్డంగిలో నిలబెడతారు. కీలులోని తడి ఆరడానికి దారి ఉండదు. మళ్లీ వాటిని చూసేది వచ్చే ఏడాది వర్షాలకు. తుప్పు పెరగడానికి నది పారనవసరం లేదు. కీలులో మిగిలిన చెమ్మ, అడగనివారు లేని పది నెలల వ్యవధి చాలు.

ప్రమాదం ఎక్కడ?

జోడించిన స్థితిలో గట్టిగా పట్టిన తెడ్డును వరద సమయంలో అట్లాగే వాడవచ్చు కదా అనే ప్రశ్న సహజం. బొత్తాం రంధ్రంలో పూర్తిగా కూర్చుని ఉంటే వాడవచ్చు. నీరు గుమ్మంలోకి వచ్చిన వేళ తెడ్డును విడదీసే ప్రయత్నానికి దిగడం తగదు. అటువంటి తెడ్డు వాహనంలో పట్టకపోవడం, పడవలో అడ్డం పడడం వంటి ఇబ్బందులను భరించవలసిందే.

అసలు ప్రమాదం మూడు సందర్భాలలో ఉంది. మొదటిది, ముక్కలు విడివిడిగా ఉండి, తుప్పు వల్ల ఒకదానిలోకి మరొకటి దూరకపోవడం. రెండవది, సగం దూరి ఆగిపోవడం. మూడవది, అన్నిటికంటే ప్రమాదకరమైనది, బొత్తాం తుప్పుపట్టి లోపలే ఉండిపోయి, గొట్టాలు మాత్రం తుప్పు పట్టుతోనే కలిసి ఉండడం. చేతితో లాగి చూస్తే అది గట్టిగానే ఉన్నట్లు తోస్తుంది. నడి ప్రవాహంలో బలంగా తెడ్డు వేసినపుడు ఆ పట్టు ఒక్కసారిగా వదిలి, ఆకు ఉన్న ముక్క నీటిపాలవుతుంది. కనుక తనిఖీ చేసే అధికారి తెడ్డు గట్టిగా ఉన్నదా అని కాక, బొత్తాం పైకి వచ్చి ఉన్నదా అని చూడడం ముఖ్యం.

విడదీసే విధానం

పట్టిన కీలును విడదీయడంలో బలం కంటే ఓర్పు ప్రధానం. తేలికైన ఉపాయంతో ప్రారంభించి, అది ఫలించనపుడే తరువాతి దానికి వెళ్లాలి. అనుసరించవలసిన క్రమం ఇది.

మొదటి దశ, కడగడం. కీలును బకెట్టు మంచినీటిలో ముంచి, కొద్దిగా సబ్బు కలిపి కొన్ని గంటలు నాననివ్వాలి. బొత్తాం రంధ్రం గుండా నీటిని ధారగా పంపాలి. ఇసుక, ఉప్పు వల్ల పట్టిన కీళ్లలో చాలా భాగం ఈ దశలోనే వదులుతాయి. అప్పుడప్పుడు అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ ఉండాలి.

రెండవ దశ, బొత్తాంను కదిలించడం. బొత్తాం కదలకుండా కీలును లాగితే రంధ్రం చిరిగిపోతుంది. కొయ్య పుల్లతో బొత్తాంను లోపలికి నొక్కి, మళ్లీ పైకి రానిచ్చి, ఈ విధంగా అనేక పర్యాయాలు చేయాలి. అది నొక్కుకున్నపుడు తెడ్డును కొద్దిగా తిప్పితే బొత్తాం రంధ్రం నుంచి తప్పుకుని గొట్టం కిందికి చేరుతుంది. ఆ తరువాతే లాగాలి.

మూడవ దశ, నూనె. కీలును తుడిచి ఆరబెట్టి, సందులోకి పాకే స్వభావం గల పలుచని నూనెను రంధ్రం వద్ద, రెండు గొట్టాలు కలిసే అంచు వద్ద వేయాలి. మెకానిక్కులు బిగుసుకున్న నట్లకు వాడే డబ్ల్యూడీ-40 వంటి పిచికారీ నూనెలు ఇందుకు పనికివస్తాయి. తెడ్డును నిలువుగా నిలబెడితే నూనె కిందికి దిగుతుంది. ఒక రాత్రి వదిలివేసి, ఉదయం మళ్లీ వేయాలి. నూనె వేసిన ఐదు నిమిషాలకే ఫలితం ఆశించి, విసిగి సుత్తి పట్టుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు.

నాలుగవ దశ, ఇద్దరు మనుషుల పద్ధతి. ఒక్కరే బలవంతంగా లాగితే కీలు ఒక్కసారిగా వదిలినపుడు వెనక్కు పడడం, భుజం బెణకడం, తెడ్డు ముఖానికి తగలడం సంభవిస్తాయి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, తెడ్డును నడుము ఎత్తులో అడ్డంగా పట్టుకోవాలి. ప్రతి ఒక్కరూ కీలుకు ఇటొక చేయి, అటొక చేయి వేయాలి. అంటే కీలుకు ప్రతి పక్కనా ఇద్దరి చేతులూ ఒక్కొక్కటి ఉంటాయి. ఒకరు లెక్కపెట్టగా ఇద్దరూ ఒకేసారి రెండు ముక్కలను దూరంగా లాగుతూ స్వల్పంగా తిప్పాలి. ఈ పద్ధతిలో కీలు హఠాత్తుగా వదిలినా ఎవరూ పడిపోరు. పట్టు జారకుండా రబ్బరు చేతితొడుగులు వేసుకోవడం మంచిది.

ఐదవ దశ, రబ్బరు పట్టీ. చేతి పట్టు చాలనపుడు పాత సైకిలు ట్యూబును పొడవుగా కోసి, గొట్టం చుట్టూ మూడు నాలుగు చుట్లు బిగించి, దాని కొసను ఒక కొయ్య బద్దకు కట్టి మెల్లగా తిప్పాలి. రెండవ ముక్కకు కూడా అదే విధంగా వ్యతిరేక దిశలో చుట్టాలి. గొట్టంపై గీత పడకుండా పైపు రెంచితో సమానమైన బలం దీనివల్ల లభిస్తుంది. ఇదే సమయంలో కొయ్య సుత్తితో కీలు చుట్టూ తేలికగా తట్టితే లోపలి తెల్లపిండి పగిలి రాలుతుంది.

వేడి ఎప్పుడు, చల్లదనం ఎప్పుడు?

పై ఉపాయాలు ఫలించనపుడు లోహాల వ్యాకోచ, సంకోచ గుణాలను ఉపయోగించుకోవాలి. ఇక్కడ ఒక సూత్రం గుర్తుంచుకోవాలి: బయటి గొట్టం పెరగాలి, లేదా లోపలి గొట్టం తగ్గాలి.

35 మిల్లీమీటర్ల వ్యాసం గల అల్యూమినియం గొట్టం ఉష్ణోగ్రత 50 డిగ్రీల సెల్సియస్ పెరిగితే, దాని వ్యాసం సుమారు 0.04 మిల్లీమీటర్లు పెరుగుతుంది. తల వెంట్రుక మందంలో ఇది దాదాపు సగం. చూడడానికి స్వల్పమే అయినా పట్టిన కీలుకు ఆ మాత్రం చోటు చాలు. అయితే రెండు గొట్టాలూ అల్యూమినియంవే అయినపుడు మొత్తం కీలును వేడినీటిలో ముంచితే రెండూ సమానంగా పెరుగుతాయి, ప్రయోజనం ఉండదు. బయటి గొట్టంపై మాత్రమే వేడినీటిలో ముంచిన గుడ్డ చుట్టి, లోపలి గొట్టం ఉన్న ముక్కపై మంచు ముక్కలు ఉంచి, అర నిమిషంలోనే లాగి తిప్పాలి. ఆలస్యమైతే వేడి లోపలికి కూడా వ్యాపిస్తుంది.

బయటి గొట్టం గాజు పీచుదో, కార్బన్ పీచుదో అయి, లోపల లోహపు పొన్ను ఉన్నపుడు సూత్రం తలకిందులవుతుంది. పీచు గొట్టం వేడికి లోహమంతగా పెరగదు, లోపలి లోహం పెరుగుతుంది. వేడి చేస్తే కీలు మరింత బిగుస్తుంది. ఇటువంటి తెడ్డును మొత్తంగా మంచులో చల్లబరచడమే సరైన మార్గం. అంతేగాక పీచును అతికించే రెసిన్ అధిక వేడికి మెత్తబడుతుంది. కనుక అటువంటి గొట్టాలపై మరిగే నీటిని పోయరాదు. ఏ రకం తెడ్డుకైనా మంట చూపరాదు. నూనె వేసిన కీలు వద్ద, మోటారు పెట్రోలు నిల్వ ఉన్న గిడ్డంగిలో మంట వెలిగించడం తెడ్డు కంటే మనిషికి ప్రమాదం.

చేయకూడని పనులు

గొట్టాన్ని వైస్‌లో బిగించరాదు. పలుచని గొట్టం కోడిగుడ్డు ఆకారానికి నొక్కుకుపోతే అది ఇక ఎప్పటికీ విడిపోదు, విడిపోయినా తిరిగి కలవదు. ఇనుప సుత్తితో కొట్టరాదు. తెడ్డు ఆకును కాలి కింద తొక్కిపట్టి తిప్పరాదు, ఆకు మొదట్లో విరుగుతుంది.

ఇంటి చిట్కాల విషయంలోను జాగ్రత్త అవసరం. ఇత్తడి పాత్రకు చిలుము వదిలించే చింతపండు, ఉప్పు మిశ్రమాన్ని అల్యూమినియంపై రుద్దితే ఉప్పు కొత్త గుంటలు పెడుతుంది. కాస్టిక్ సోడా, చాకలి సోడా, సున్నం, కట్టెల బూడిద క్షార స్వభావం గలవి. అవి అల్యూమినియం రక్షణ పొరనే తినివేస్తాయి. ఇనుప పీచుతో తోమితే ఇనుప రేణువులు లోహంలో ఇరుక్కుని, అక్కడే మళ్లీ తుప్పు మొదలవుతుంది. గిన్నెలు తోమే నైలాన్ పీచు వాడవచ్చు. మొండి తెల్లపిండికి నీరు కలిపిన వెనిగర్‌ను కొద్దిసేపు మాత్రమే ఉంచి, వెంటనే పుష్కలంగా మంచినీటితో కడగవచ్చు.

విడిపోయిన తరువాత

కీలు విడిపోవడంతో పని పూర్తికాదు. రెండు గొట్టాలను శుభ్రంగా తోమి, కడిగి, ఆరబెట్టి, వెలుతురులో పరిశీలించాలి. బీటలు ఉన్నా, రంధ్రం అంచు చిరిగినా, గొట్టం గుండ్రని ఆకారం కోల్పోయినా, గోరు తట్టేంత లోతైన గుంటలు వరుసగా ఉన్నా ఆ తెడ్డును సేవ నుంచి తొలగించాలి. తొలగించిన దానిని గిడ్డంగిలోనే ఉంచితే ఆపద సమయంలో చీకటిలో ఎవరో ఒకరు దానినే అందుకుంటారు. కాబట్టి నిబంధనల ప్రకారం కండెమ్ చేసి వెంటనే పంపివేయాలి.

పనికివచ్చే తెడ్డును మళ్లీ జోడించి, బొత్తాం 'టక్'మని కూర్చున్నదని నిర్ధారించుకుని, ఇద్దరు బలంగా లాగి చూడాలి. ఆపై నీటిలో ఒకసారి వాడి చూస్తే గాని అది సేవకు సిద్ధమైనట్లు రాయరాదు. కీలు గొట్టాలకు గ్రీజు పూయడం మంచి అలవాటు కాదు. ఇసుక దానికి అంటుకుని మళ్లీ పట్టివేస్తుంది. గొట్టాలు పొడిగా, శుభ్రంగా ఉండడమే వాటికి రక్ష. విడదీయడానికి వేసిన నూనెను కూడా సబ్బునీటితో పూర్తిగా కడిగివేయాలి, జిడ్డు చేతులతో తెడ్డు పట్టు జారుతుంది.

పడవలో తిరిగే ఇతర భాగాల సంగతి వేరు. తెడ్డును పడవ అంచుకు పట్టి ఉంచే కొక్కెం, మోటారును పైకి లేపే ఇరుసు, బిగింపు మరలు వంటి వాటికి గ్రీజు అవసరం. అల్యూమినియం భాగాలకు రాగి పొడి కలిసిన గ్రీజు వాడరాదు. రాగి, అల్యూమినియం కలయిక ఉక్కు కంటే కూడా హానికరం. ఉక్కు మర, అల్యూమినియం భాగం కలిసే చోట నైలాన్ వాషరు వేస్తే రెండు లోహాల మధ్య సంబంధం తగ్గి తుప్పు నెమ్మదిస్తుంది.

స్థానిక నైపుణ్యం

ఈ పనులకు ఖరీదైన పరికరాలు గాని, దూర ప్రాంతాల నిపుణులు గాని అవసరం లేదు. నగరి, పుత్తూరు పరిసరాలలో మరమగ్గాలను మరమ్మతు చేసే మెకానిక్కులు ఇరుసుకు పట్టిన కప్పీని, బిగుసుకున్న మరను గీత పడకుండా విడదీయడం నిత్యం చేసే పని. మగ్గం ఒక్క పూట ఆగితే ఆ పూట కూలి పోతుంది కనుక వారికి ఈ విద్య బతుకుతెరువుతో అబ్బినది. అటువంటి అనుభవజ్ఞుని సమక్షంలో సహాయక సిబ్బందికి ఒక పూట శిక్షణ ఇప్పిస్తే చాలు. అయితే ఇనుప యంత్రానికి, పలుచని అల్యూమినియం గొట్టానికి గల తేడాను ముందుగా చెప్పడం అవసరం.

చిన్న భాగం, పెద్ద పర్యవసానం

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయం 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. ఇంజనీర్లు వారం రోజులలో తాత్కాలిక స్టాప్‌లాగ్‌లు అమర్చే వరకు విలువైన నీరు దిగువకు పోయింది. అంత పెద్ద ఆనకట్ట భవితవ్యం ఒక గొలుసుపై ఆధారపడినట్లే, ఒక పడవలోని మనుషుల భద్రత వేలెడు వెడల్పు లేని కీలుపై ఆధారపడి ఉంటుంది. అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ నగరాన్ని ముంచెత్తినపుడు, వీధులలో ఇంటింటికీ చేరడానికి చిన్న పడవలు ఎంతగా అవసరమయ్యాయో రాష్ట్రమంతా చూసింది.

సెప్టెంబరులో తనిఖీ

2005 విపత్తుల నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాలోను కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విపత్తుల నిర్వహణ ప్రాధికార సంస్థ ఏర్పాటైంది. విపత్తు వేళ అగ్నిమాపక శాఖ, రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన దళం, అవసరమైనపుడు జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం రంగంలోకి దిగుతాయి. బయటి దళాలు వచ్చేలోపు మొదటి కొన్ని గంటలు స్థానికంగా ఉన్న సామగ్రితోనే నెట్టుకురావాలి. కనుక స్థానిక గిడ్డంగిలోని తెడ్డు సిద్ధంగా ఉండడం అత్యవసరం.

రాష్ట్రంలోని అనేక ప్రాంతాలలో వర్షాకాల సన్నాహాలు మే, జూన్ నెలలలో జరుగుతాయి. దక్షిణ రాయలసీమకు పెద్ద వరదలు తరచుగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి. జూన్‌లో చూసిన కీలు నవంబరు నాటికి మళ్లీ పట్టవచ్చు. కాబట్టి నగరి వంటి ప్రాంతాలలో సెప్టెంబరులో మరొక తనిఖీ తప్పనిసరి. ఆ తనిఖీలో ప్రతి తెడ్డును విప్పి, చూసి, జోడించి, తిరిగి విప్పాలి. లెక్కించి సంతకం చేస్తే సరిపోదు. ఆ తరువాత నెలకొకసారి అదే పని చేయడానికి ఒక తెడ్డుకు ఐదు నిమిషాల కంటే ఎక్కువ సమయం పట్టదు.

రిజిస్టరులో సాధారణంగా వస్తువు పేరు, సంఖ్య, కొన్న తేదీ ఉంటాయి. వాటికి మరొక గడి చేర్చడం మేలు: 'చివరిసారి విప్పిన తేదీ'. ఈ ఒక్క గడి నింపవలసి వస్తే చాలు, తెడ్లు పట్టివేయడం చాలావరకు ఆగిపోతుంది. వరద విధుల నుంచి తిరిగివచ్చిన రోజే తెడ్లను విప్పి, మంచినీటితో కడిగి, నీడన ఆరబెట్టి, విడి ముక్కలుగానే నిల్వ చేయాలి. సిబ్బంది అలసి ఉంటారు కనుక ఈ పనికి విధులకు వెళ్లని మరొకరిని ముందుగానే నియమించడం ఉత్తమం.

వరదల వేళ వార్తలు సేకరించే పాత్రికేయులు సాధారణంగా ఎన్ని పడవలు సిద్ధంగా ఉన్నాయని అడుగుతారు, అధికారులు ఆ సంఖ్య చెబుతారు. దానితో పాటు సెప్టెంబరులోనే మరొక ప్రశ్న అడగడం ప్రజలకు మేలు చేస్తుంది: ఆ పడవలను చివరిసారి నీటిలో ఎప్పుడు దించారు, తెడ్లను చివరిసారి ఎప్పుడు విప్పారు? సమాధానం సిద్ధంగా ఉన్న కార్యాలయంలో సామగ్రి కూడా సిద్ధంగా ఉంటుంది. లేనిచోట, లోపం సరిదిద్దుకోవడానికి ఇంకా వ్యవధి ఉంటుంది.

కుశస్థలిలో ఇసుక ఎండుతున్న రోజులలో తెడ్డు గురించి ఆలోచించడం అనవసరమనిపించవచ్చు. నది పొంగిన రాత్రి గట్టున నిలబడి కీలుతో పెనుగులాడే సమయం ఎవరికీ ఉండదు. అవతలి గట్టున గర్భిణీయో, వృద్ధులో, పసిపిల్లలో ఎదురు చూస్తూ ఉంటారు. వారికి కావలసిన ఆ కొన్ని నిమిషాలను ముందుగానే, ఎండ కాసే రోజులలో, ఒక బకెట్టు మంచినీటితోను కొంత ఓర్పుతోను సంపాదించి పెట్టుకోవడం సంబంధిత యంత్రాంగం చేతిలోనే ఉంది.